జంట సీసా

ఆయన ఇంట్లోంచి బయలుదేరేదాకా నేను ఉల్లిపాయ కోసేదాన్ని కాదు. పొయ్యి మీద నూనె కాగనిచ్చేదాన్ని కాదు. సబ్బునీళ్ళలో బట్టలు నానబెట్టాలన్నా, తలకి నూనె రాసుకోవాలన్నా ఆయన వీధి మలుపు తిరిగాకే. పొద్దున పూట మా వంటింట్లో వేడినీళ్ళూ కాచిన పాలూ రొట్టె ముక్కా తప్ప వాసన వచ్చేదేదీ ఉండేది కాదు. మీ ఇంట్లో మనుషులున్నారో లేదో మధ్యాహ్నమయితే గాని తెలీదమ్మా అని పక్కింటి వదిన ఎగతాళి చేసేది.

ఇప్పుడు తెల్లవారుతూనే కోస్తున్నాను. వేయించిన వాసన ముందుగదిలోకి వెళ్తుంది, ఆయన చొక్కాలున్న బీరువాలోకి కూడా వెళ్తుంది. తలుపు దగ్గరికి వెయ్యవే అని అరిచే మనిషి లేరు. అయినా చెయ్యి అలవాటుగా తలుపు మీదికి పోతుంది. సగం వేసి, మళ్ళీ తెరుస్తాను.

మా ఆయన ఉద్యోగం వైను రుచి చూడటం. తాగడం కాదు, చూడటం. ఈ రెండింటికీ తేడా చెప్పడంతోనే నా సగం కాపురం గడిచింది. సంబంధం వచ్చినప్పుడు, రోజూ పొద్దున్నే మందు పుక్కిలించే మనిషికి పిల్లనెలా ఇస్తామని మా అమ్మ కూర్చుండిపోయింది. మా పిన్ని మాత్రం తెలివిగా మంచినీళ్ళ గ్లాసు పట్టుకెళ్ళి, మాట కలిపి, దగ్గరగా నిలబడి ఆయన ఊపిరి వాసన చూసి వచ్చింది. పాలు తాగే పిల్లాడి నోరేనక్కా అని చెప్పాకే మా అమ్మ లేచింది. పెళ్ళయ్యాక ఆయన నాతో అన్నారు, మీ పిన్నికి ముక్కుంది కాని పద్ధతి లేదు, పరీక్ష చేసే మనిషి ముందుగా తను లవంగం నమలకూడదు అని. నిజమే, పిన్ని బుగ్గలో ఎప్పుడూ లవంగం ఉండేది.

ఓడల్లో వచ్చే వైను సీసాలను దించుకుని దుకాణాలకూ హోటళ్ళకూ పంపే కంపెనీ అది. కింద చల్లటి గోడౌను, పైన రుచి చూసే గది. ఆ గదిలో తెల్ల పలకలు పరిచిన నేల, తెల్ల గుడ్డ వేసిన బల్ల, ఎండ నేరుగా పడని కిటికీ, ఉమ్మడానికి రేకు బకెట్టు, ఒక కుర్చీ. ఆ కుర్చీ ఆయనది. పెట్టెలు మోసే పనికి చేరి, చివరికి ఆ కుర్చీలో కూర్చున్నారు. గోడౌనులో అందరూ ముక్కుగారూ అని పిలిచేవారు. పాలవాడు కూడా, ముక్కుగారింటికి లీటరు అనే రాసుకునేవాడు.

ఖరీదైన సీసాలు ఓనరు చూసుకునేవాడు. మా ఆయనకి వచ్చేవి చౌకరకం. అందులోనూ ఆయన ప్రాణమంతా ఒక్కదాని మీద ఉండేది. దక్షిణ ఫ్రాన్సు నుంచి ప్రతి ఏడూ చౌకలో దొరికే ఎర్రవైన్ల నమూనాలు వస్తాయి. అందులో ఒకటి ఎంచాలి. ఎంచినదే ఓడెక్కి వస్తుంది, ఏడాదంతా అదే అమ్ముతారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవారు: "ఖరీదైన సీసాకి పేరే సగం రుచి. చౌక సీసాని వెనకేసుకొచ్చేవాడు ఎవడూ ఉండడు. అది నిజంగా బాగుంటేనే బాగున్నట్టు. వారమంతా ఒళ్ళు హూనం చేసుకుని ఒక్క సీసా కొనుక్కునేవాడు ఉంటాడు చూడు, వాడి తరఫున నేను కూర్చున్నానక్కడ."

ఆయన చేసే పద్ధతి నాకు కళ్ళకి కట్టినట్టు తెలుసు, ఎందుకంటే ఇంట్లో మంచినీళ్ళు కూడా అలాగే తాగేవారు. గ్లాసులో అడుగున కొంచెం పోసుకుని, తెల్ల కాగితం మీదికి వంచి అంచు రంగు చూడాలి. ఊదా రంగుంటే పిల్లది, ఇటుక రంగుకి తిరిగితే వయసు మీద పడిందని. గ్లాసు తిప్పకుండా ఒక వాసన, తిప్పి ఒక వాసన. మొదటి వాసన చెడు కోసం. బిరడా చెడితే వైనుకి తడిసి ముక్కిపోయిన అట్టపెట్టె వాసన వస్తుంది, అది తగిలితే ఇక నోట్లో పోసుకోనక్కర్లేదు, పారబోయడమే. రెండో వాసన మంచి కోసం. నేరేడు, మిరియం, ఎండిన ఆకు, ఒక్కోసారి వాన పడిన మట్టి. తర్వాత ఒక గుక్క నోట్లో పట్టి, పెదాల సందున గాలి లాగి, చప్పుడు చేస్తూ నాలుకంతా తిప్పాలి. పులుపు దవడల పక్కన, వగరు చిగుళ్ళ మీద, ఘాటు గొంతులో. వగరు చిగుళ్ళని పట్టుకోవాలి గాని నాలుకని కట్టేయకూడదనేవారు. ఆ తర్వాత ఉమ్మేయాలి. ఉమ్మాక ఎంతసేపు నోట్లో నిలుస్తుందో మనసులో లెక్కపెట్టుకోవాలి. ఇన్నేళ్ళలో ఒక్క గుక్క మింగలేదు. సాయంత్రం ఇంటికొస్తే నాలుక మాత్రం నేరేడుపళ్ళు దొంగిలించిన పిల్లాడిలా ఉండేది.

ఈ పనిలో నాకూ ఒక వంతు ఉంది. రుచి చూసేటప్పుడు సీసా మీది చీటీ కనపడకుండా గుడ్డ తొడుగు వేస్తారు. ఆ తొడుగులు నేను కుట్టేదాన్ని. ముదురు రంగు మందపాటి గుడ్డ, మెడ దగ్గర మడత, ముందువైపు దారంతో అంకె. అన్నీ ఒకే కొలత, ఒకే కుట్టు. ఒక్కటి వేరుగా ఉన్నా కన్ను దానిమీదికి పోతుందని ఆయన ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసి తీసుకెళ్ళేవారు.

ఆ గదిలో ఒక ఆచారం ఉండేది, దాన్ని జంట అనేవారు. ఏడాదికి ఒకసారి, ఫ్రెంచి ఎరుపు ఎంచే రోజున, వరసలో ఒకే వైనుని రెండుచోట్ల పెడతారు. ఎక్కడెక్కడ పెట్టారో రుచి చూసేవాడికి చెప్పరు. ఆ రెండింటికీ ఒకే మాట చెప్పగలిగితే ముక్కు నిలకడగా ఉన్నట్టు. ఒకదాన్ని మెచ్చుకుని ఒకదాన్ని తిడితే కుర్చీ దిగాలి. ఈ ఆచారం పెట్టింది ఆయనకి పని నేర్పిన పెద్దాయన. ఆ పెద్దాయనని కుర్చీ దింపింది కూడా జంటే. ఒకే వైనుని మూడోచోట నిండుగా ఉందన్నాడు, ఆరోచోట పలచన అన్నాడు. అప్పుడు పక్కన నిలబడి ఉన్న మా ఆయన నోరు విప్పి, అవి రెండూ జంటండీ అన్నారు. పెద్దాయన కోపగించుకోలేదు. కలం బల్ల మీద పెట్టి, "కుర్చీకి ముక్కు కావాలిరా, మనిషి కాదు," అని లేచి వెళ్ళిపోయాడు. ఈ కథ మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆయన గర్వంగా చెప్పేవారు. గురువంటే అలా ఉండాలి అనేవారు.

ఒక పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి పెరట్లోకి వెళ్ళాను. వచ్చేసరికి గిన్నె అడుగు నల్లబడింది, వంటిల్లంతా మాడు కంపు. ఆయన వంటింటి గుమ్మం పక్కనే కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. తల ఎత్తలేదు. నాకు మొదట వచ్చింది భయం కాదు, తిట్లు తప్పాయన్న సంతోషం. తర్వాత గిన్నె దించి ఆయన ముందుకి పట్టుకెళ్ళాను.

పాలు మాడిపోయాయండీ అన్నాను. ఆయన నన్ను చూశారు, గిన్నెని చూశారు. పేపరు మడిచారు. జలుబు చేసినట్టుంది అన్నారు. జలుబు లేదు. ముక్కు పొడిగా, హాయిగా గాలి ఆడుతోంది. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

అక్కణ్ణించి మా ఇల్లు ఇల్లులా లేదు. ఆవిరి పట్టారు, మొహం కందిపోయేదాకా పట్టారు. ఉప్పునీళ్ళు ముక్కుతో లాగారు. మిరియాలు నమిలారు. మందుల దుకాణంలో చుక్కల మందు తెచ్చుకుని, సీసా మీద రాసినదానికన్నా ఎక్కువ వేసుకున్నారు. పని నుంచి రాగానే కళ్ళు మూసుకుని మంచం మీద కూర్చునేవారు. నేను ఒక్కొక్కటీ ముక్కు కింద పెట్టాలి. లవంగం, కాఫీ పొడి, బట్టల సబ్బు, కిరోసిన్, తడిమట్టి. అన్నిటికీ తల అడ్డంగా ఊపేవారు. వెనిగరు పెడితే మాత్రం, గుచ్చుకుంటోంది కాని వాసన లేదు అన్నారు. ఒకసారి నా చీర కొంగు పెట్టాను. చాలాసేపు పీల్చారు. "ఇది ఏమిటో చెప్పకు. ఇంకోసారి పెట్టు," అన్నారు. ఇంకోసారి పెట్టాను. తల తిప్పేసుకున్నారు.

డాక్టరుకి చూపించుకుందామని నేను పోరు పెట్టాను. వైద్యం కంపెనీదే, డాక్టరూ కంపెనీ డాక్టరే. ఆ డాక్టరు రాసే చీటీ నేరుగా ఓనరు బల్ల మీదికి పోతుంది. బయట డాక్టరు దగ్గరికి పోదామంటే, ముక్కుగారి ముక్కు పోయిందన్న మాట సాయంత్రానికల్లా గోడౌనుకి చేరుతుందన్నారు. అప్పటికే పొద్దున లేవగానే నుదురు నొక్కుకునేవారు, కణతలకి మందు రాయించుకునేవారు. రాత్రిళ్ళు నిద్ర లేక, దిగులువల్ల అనుకున్నాం.

ఆ కుర్చీలో ఎలా నెగ్గుకొచ్చేవారో తర్వాత తెలిసింది. కన్ను ఉంది, నాలుక ఉంది, జ్ఞాపకం ఉంది. రంగు చిక్కగా ఉంటే నేరేడు అనేవారు. గొంతులో మంట తగిలితే మిరియం అనేవారు. పులుపెక్కువైతే పచ్చి రేగు అనేవారు. పులుపూ వగరూ తీపీ నాలుక చెప్పేది, మిగతాదంతా పాత మాటలే కొత్త సీసాలకి తగిలించడం. ఎవరూ పట్టుకోలేదు. ముక్కుగారు నేరేడు అన్నాక దుకాణాలవాళ్ళకీ నేరేడే వచ్చేది. ఆ సంగతి నాతో చెబుతూ ఆయన నవ్వలేదు. "వాళ్ళు నన్ను నమ్ముతుంటే ఒళ్ళు చచ్చిపోతోందే. తప్పని ఒక్కడన్నా అంటే బాగుణ్ణు," అన్నారు.

మోసం చేయడం చేతకాని మనిషికి మోసం ఎంత బరువో ఆ రోజుల్లో చూశాను. అన్నం ముందు కూర్చుంటే అన్నీ ఒకటే మెత్తదనం. ఉప్పు తెలిసేది, కారం తెలిసేది, కూర ఏమిటో తెలిసేది కాదు. నేను గిన్నె దగ్గర నుంచే పేరు చెప్పి వడ్డించేదాన్ని. చంటిపిల్లలకి చెప్పినట్టు చెప్పకు అని ఒక రోజు కంచం తోసేశారు. ఆ సాయంత్రమే మళ్ళీ, ఈ పూట ఏం వండావో చెప్పవా అని అడిగారు.

ఫ్రాన్సు నుంచి నమూనాలు వచ్చాయి. ఎంచే రోజు ఖాయమైంది. అంటే జంట కూడా ఖాయమైంది.

నా తమ్ముడు ఆ కంపెనీలోనే వ్యాను నడుపుతాడు, పని లేనప్పుడు పైగదిలో సాయం చేస్తాడు. వాడికి బావంటే ప్రాణం, బావని ఏడిపించడం అంతకన్నా ప్రాణం. ముక్కు సంగతి నేను వాడికి చెప్పలేదు, వాడే కనిపెట్టాడు. వాడి వ్యానులో డీజిలు కారుతుంటే ఆయన మాట్లాడకుండా కూర్చున్నారట. ఒక సాయంత్రం వచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చుని, మెల్లగా మొదలెట్టాడు.

"బావా, నువ్వు ఊ అంటే చాలు. సీసాలు తొడుగుల్లో దించేది నేనే. జంట ఏదో ఓనరు నాకు చూపించి బయటికి పోతాడు. ఏ తొడుగులో పెట్టానో నాకు తప్ప దేవుడికి కూడా తెలీదు. ఆ రెండు తొడుగులకీ ఏదో చిన్న గుర్తుంటే..."

ఆయన మొహం ఎర్రబడింది. ఇంకోసారి ఆ మాటంటే ఈ గుమ్మం తొక్కొద్దన్నారు. పెద్దాయన పేరెత్తారు, కుర్చీ పేరెత్తారు. వాడు చెప్పులు వేసుకుంటూ నాతో అన్నాడు, బావ కుర్చీని చూసుకుంటున్నాడక్కా, నేను బావని చూస్తున్నాను అని.

ఎంచే రోజుకి ముందురోజు ఆదివారం. మధ్యాహ్నం వీధంతా కునుకు తీస్తోంది. నేను పెరట్లో బట్టలు తీసుకుని లోపలికొస్తే ఆయన కిటికీ దగ్గర నా కుట్టుపెట్టె ముందేసుకుని ఉన్నారు. కొత్త తొడుగులు ఒళ్ళో ఉన్నాయి. చేతిలో సూది. జన్మలో బొత్తాం కుట్టుకోని మనిషి. వేలికి గుచ్చుకుని రక్తం వచ్చింది, దాన్ని నాలుకతో తుడుచుకున్నారు. రెండు తొడుగులకి మెడ మడత లోపల ముడి వేశారు, పైకి కనపడదు, వేలు పెడితే తగులుతుంది. నా కుట్ల మధ్య ఆ ముళ్ళు పురుగుల్లా ఉన్నాయి.

"విప్పేయనా?" అన్నాను.

"ఉండనీ."

"ఇది మీరు చేసే పని కాదండీ."

"అది ముక్కున్నప్పటి మాట," అన్నారు. సూది నా చేతికిచ్చేశారు. "ఆ కుర్చీలోంచి లేస్తే నేనెవరో నాకు తెలీదే. పెట్టెలు మోసే వయసు పోయింది. ఇంకేదీ రాదు నాకు. ఈ ఒక్క ఏడూ గడిస్తే ముక్కు తిరిగి రావచ్చు. ఒక్క ఏడు."

ఆ తర్వాత ఆయన మా తమ్ముడికి ఫోను చేశారు. తిట్టి పంపిన మనిషి దగ్గరికి ఎలా వెళ్ళాలో తెలీనట్టు, ఊరికే చేశానురా, భోంచేశావా అని మొదలెట్టారు.

మర్నాడు పైగదిలో జరిగింది తమ్ముడు చెప్పగా విన్నదే. మా ఆయన తెల్లకోటు వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా ఓనరు, పక్కన ఇద్దరు పెద్ద దుకాణాల వాళ్ళు. తొడుగులు వరసగా ఉన్నాయి. ఆయన మొదటిదాని నుంచి మొదలుపెట్టారు. రంగు, వాసన, గుక్క, ఉమ్మి. పోసుకునేటప్పుడు సీసా మెడ పట్టుకుంటారు కదా, వేలికి ముడి తగిలితే తెలిసిపోతుంది. రెండోదానికి ముడి తగిలింది. చక్కగా చెప్పారట. ముదురు నేరేడు, వెనక మిరియం, వగరు సరిగ్గా ఉంది, చివర ఎండుగడ్డి, రోజూ అన్నంతోపాటు తాగే మనిషికి ఇదే తగిన వైను అన్నారు. అందరూ వాసన చూసి తలలూపారు. నిజంగానే అది మంచి వైను. నాలుకతో ఆ మాత్రం కరెక్టుగానే పట్టారు.

ఆరోదానికి మళ్ళీ ముడి తగిలింది. గ్లాసులో పోశారు. తిప్పకముందు ఒకసారి, తిప్పి ఒకసారి వాసన చూశారు. గుక్క పట్టారు, ఉమ్మారు. ధీమాగా కలం ఎత్తి, ఇది రెండోదానికి జంట అన్నారు. ముదురు నేరేడు, వెనక మిరియం, చివర ఎండుగడ్డి అని మాట కూడా మార్చకుండా అప్పజెప్పారు.

ఎవరూ తలూపలేదు.

వైను అదే, కాని ఆ ఆరో సీసాకి బిరడా చెడింది. గోడకి ఆనుకుని నిలబడ్డ మా తమ్ముడి దాకా వచ్చిందట ఆ కంపు, వానలో నాని మూల పడేసిన అట్టపెట్టె కంపు. వైనంటే ఏమిటో తెలీని మనిషి కూడా ముక్కు మూసుకుంటాడు. ఆయన మాత్రం గ్లాసు ఎదురుగా పెట్టుకుని, మెప్పు కోసం చూస్తున్న మొహంతో కూర్చున్నారు. అది జంటన్న మాట నిజం. ముక్కున్న మనిషి ఎవడూ ఆ నిజం చెప్పలేడు. చెడింది, తీసేయండి అంటాడంతే.

ఓనరు లేచి ఆ గ్లాసు తీసుకుని వాసన చూశాడు. సీసా ఎత్తి, తొడుగు కిందికి లాగబోయి ఆగాడు. వేలికి ముడి తగిలింది. మడత తిప్పి చూశాడు.

"ఈ కుట్టు ఎవరిది?" అన్నాడు.

నేనే అని ఒప్పుకుందామని తమ్ముడు అడుగు ముందుకేశాడట. ఆయన చెయ్యి అడ్డంపెట్టారు.

"నాది," అన్నారు.

అప్పుడే ఆయనకి అర్థమైంది, సీసాలో ఏదో ఉందని. గ్లాసు లాక్కుని ముక్కు లోపలికి పెట్టేసుకున్నారు. పీల్చారు. ఇంకా పీల్చారు. ఏమీ అందక, మళ్ళీ గుక్క పట్టారు. నాలుక మీద ఆడించి, గాలి లాగి, ఏదన్నా చిక్కుతుందేమోనని వెతికారు. ఉమ్మబోతే దగ్గు తెర వచ్చింది. బకెట్టు అందలేదు. ఎన్ని వేల గుక్కలు ఉమ్మారో, ఒక్క చుక్క రొమ్ము మీదికి కారనివ్వని మనిషి, ఆ రోజు కోటు ముందంతా పోసుకున్నారు.

ఓనరు చెడ్డవాడు కాదు. ఒక్క మాట జారలేదు. ముక్కుగారిని ఇంటి దగ్గర దింపిరా, విశ్రాంతి తీసుకోమను అని తమ్ముడికి చెప్పాడు. బిల్లులు రాసే బల్ల దగ్గర చోటు చేస్తానని తర్వాత కబురు కూడా పంపాడు. ఆ చోటు మాట విన్నాక ఆయన రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నారు.

లేచాక నాతో అన్న మొదటి మాట ఇది: "ఇక పొద్దున్నే ఉల్లిపాయలు కోసుకో. నీ ఇష్టం వచ్చినట్టు వండుకో." మంచిగానే అన్నారు. ఆ మాట కన్నా చెంప మీద కొట్టినా బాగుండేది.

తలనొప్పి ఇక దాచుకునేది కాకపోయింది. ఒక పొద్దున చెంబు పట్టుకోబోయి పక్కన గాలిని పట్టుకున్నారు. తమ్ముడు వ్యానులో ఎక్కించుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. ఫొటోలు తీశారు. ముక్కు పైన, తల లోపల, ఏదో పెరుగుతోందట. చాన్నాళ్ళుగా పెరుగుతోందట. వాసన నరాలని ముందు అదే నొక్కేసిందట. డాక్టరమ్మ చిన్న పిల్ల, మర్యాదగా అడిగింది, "వాసన తెలియకపోవడం ఎప్పటినుంచండీ? అప్పుడెందుకు రాలేదు?" అని.

ఆయన నా వైపు చూశారు. నేనేం చెప్పను? కుర్చీ పోతుందని ముక్కుని దాచాం. ముక్కుతోపాటు అదీ దాక్కుని పెరిగింది. తొలిరోజుల్లోనే వస్తే చిన్న కోతతో పోయేదని ఆ పిల్ల అనలేదు. అనకుండా కాగితాల మీద చూపు దించుకుంది. తమ్ముడు బయటికి వెళ్ళి వ్యానులో కూర్చుని, అద్దాలెక్కించుకుని ఏడ్చాడు.

ఆసుపత్రిలో ఆయన మంచం కిటికీ పక్కన. చివరి రోజుల్లో కన్నూ మందగించింది. నా చెయ్యి పట్టుకుని, ఇక్కడ వాసన ఎలా ఉంది చెప్పు అని అడిగేవారు. ఫినాయిలు అన్నాను. అది అందరూ చెబుతారు, దాని వెనక ఏముంది అన్నారు. ఉతికిన దుప్పటి, ఎండలో కాదు, గదిలో ఆరింది అన్నాను. ఇంకా? ఇనుప మంచం. ఇంకా? పక్కాయన తొక్క తీసిన కమలాపండు. అప్పుడు ఆయన మొహం విచ్చుకుంది. "బాగా చెబుతున్నావే. చివరేం మిగిలింది నోట్లో?" అన్నారు. నాకు నోట్లో ఏడుపు తప్ప ఏమీ లేదు. "తొందరపడకు. ఉమ్మాక కాసేపు ఆగాలి," అన్నారు. అంత బాధలో కూడా పని నేర్పుతున్నారు. ఆ వారం దాటలేదు.

దినాలు అయ్యాక తమ్ముడు ఒక సంచి పట్టుకొచ్చాడు. లోపల ఆ తెల్లకోటు. పైగదిలో తలుపు వెనక మేకుకే వేలాడుతోందట ఇన్నాళ్ళూ. కోటు కంపెనీదే, జేబు మీద కంపెనీ గుర్తు కుట్టి ఉంది. సోమవారం కుర్చీలోకి కొత్తాయన వస్తున్నాడు, ఒడ్డూ పొడుగూ బావంతే ఉంటాడు అన్నాడు తమ్ముడు నేల చూస్తూ. "ఓనరు చెప్పమన్నాడక్కా. ఆ మరకలు నీ చేత్తో ఉతికితేనే పోతాయట. నేను చెప్పలేనన్నాను, అడిగి చూడు చాలు అన్నాడు."

అది నిజమే. ఎర్రవైను మరకకి ముందే సబ్బు పెడితే నీలంగా మారి కూర్చుంటుంది, చచ్చినా పోదు. ముందు నిమ్మరసం పిండాలి, ఉప్పు రుద్దాలి, చన్నీళ్ళలో జాడించాలి, ఆ తర్వాతే సబ్బు. ఎన్నేళ్ళు చేశానో. చేతుల అంచుల దగ్గర చిన్న చిన్న చుక్కలుండేవి, ఒక పూటలో పోయేవి. ఇది చుక్క కాదు. మెడ నుంచి బొత్తాల దాకా కారింది. అంచుల్లో ఇటుక రంగుకి తిరిగింది.

తమ్ముడు వెళ్ళాక దాన్ని ఒళ్ళో పరుచుకుని కూర్చున్నాను. ఆయన ఆఖరిసారి ఏదైనా దొరుకుతుందేమోనని వెతికిన గుక్క ఇది. కొత్తాయన మీద నాకు కోపం లేదు. అతనికీ ఇల్లుంటుంది, పొద్దున పూట వాసన లేని వంటిల్లుంటుంది. అతని ముక్కు బాగుండాలి, ఏదైనా అయితే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

నిమ్మకాయలు గంపలో ఉన్నాయి, ఉప్పు డబ్బా నిండుగా ఉంది, పెరట్లో మంచి ఎండ కాస్తోంది. కోటుని మరక పైకి కనపడేలా మడిచి, అదే సంచిలో పెట్టి, తమ్ముడొస్తే తీసుకుపోవడానికి గుమ్మం పక్కన ఉంచాను. ఉతకలేదు.